రంగు మారే చోట

బాబ్జీ, అంతకుముందు వాళ్ళ నాన్న,
సైకిలు మీద తెచ్చి పడేసిన దారం
నలభై ఏళ్ళుగా తెలుపే.
అదీ ఒక రంగేనంటే మా అత్త ఒప్పుకునేది కాదు.
"అది శుభ్రం" అనేది.

ఆ శుభ్రానికి ఎంత జడిసేవాళ్ళమో.
కాళ్ళకి పసుపు రాసుకున్న పూట కొక్కెం ముట్టుకునేది లేదు.
ఆవకాయ కలిపిన వారమంతా
వేళ్ళకి నిమ్మచెక్క రుద్ది, తుడుచుకుని,
వాసన చూసుకుని మరీ లేసు పట్టేవాళ్ళం.
చేతులు పండిన పిల్లల్ని అరుగెక్కనిచ్చేవారు కాదు.

ఈ శ్రావణంలో బాబ్జీ మోపెడ్డు దిగి
నా ఒళ్ళో ఒక ఉండ పడేశాడు.
ఒకటే దారం.
మొదట ఆకుమడి లేతపచ్చ,
బారెడు లాగితే ఊడ్చిన చేను,
ఇంకో బారెడుకి పొట్ట మీదున్న చేను,
ఆపైన కోతల పసుపు,
పసుపు వెనకే, ఉన్నట్టుండి, నీలం.
"అదేంట్రా, కోతవగానే సముద్రమా?"
"మిల్లువాడికేం తెలుసు పిన్నీ వ్యవసాయం.
గుండ్రంగా అల్లు. ఆరు కావాలి.
ఆరూ ఒక్కలా ఉండాలి."

రెండు వరసలు బుద్ధిగానే వచ్చాయి.
మూడో వరసకి పసుపంతా ఒక మూల చేరింది,
అలిగిన మగపెళ్ళివారిలా.
విప్పాను.
సన్న కొక్కెం పట్టాను. ఈసారి పచ్చ గుట్టపడింది.
విప్పాను.
రెండు గొలుసులు తగ్గించాను. నీలం చుక్కచుక్కలుగా చెదిరింది.
గోడ అవతల్నుంచి దీనమ్మ నవ్వింది:
"లెక్క నీది, రంగు దానిది. పోట్లాడకే."

పైగా నా కళ్ళొకటి.
కాలవలు కట్టేసిన నెలలో
పాలకొల్లులో కుడికంటి శుక్లం తీశారు.
ఎడమది దీపావళి వెళ్ళాక చూద్దామన్నారు.
ఎడమకన్ను మూస్తే నీలం నీలంలా ఉంటుంది.
కుడికన్ను మూస్తే అదే నీలం
ఇత్తడి బిందె అడుగున ఉన్నట్టుంటుంది.
అనుమానమొచ్చి పాత తెల్లదారం తీసి చూశాను.
కుడికంటికి తెలుపు,
ఎడమకంటికి టీలో ముంచిన తెలుపు.
ఎన్నేళ్ళు టీరంగుని శుభ్రమనుకుని అల్లానో
ఎవరినడగను? అత్త లేదు.

పగటిపూట ఐదు పూర్తిచేశాను.
గుట్టలు గుట్టలుగానే ఉన్నాయి,
కాకపోతే ఐదింటికీ ఒకే చోట.

ఆరోది మొదలెట్టిన రాత్రి ఎర్రనీళ్ళు వచ్చాయి.
రేవులో మూడు మెట్లు మునిగాయని ఎవరో అరిచారు.
కరెంటు పోయింది.
అలవాటైన చెయ్యి, ఆగలేదు.
చీకట్లో రంగులు లేవు, ఉత్త నూలు.
వేలికి ఒక ముడి తగిలింది, మిల్లువాడిదే,
లోపలికి తోసి ముందుకెళ్ళాను.
నాగరాజు మేస్త్రి పడవ కట్టేసిన కేక,
రోడ్డు మీద పరుగులు,
తర్వాత నీళ్ళ చప్పుడొక్కటే.

తెల్లారి చూస్తే
ముడి దగ్గర పచ్చలోంచి నేరుగా నీలం దూకింది.
అక్కణ్ణుంచి ఏ రంగూ గుట్టపడలేదు,
నత్తగుల్ల మీది గీతలా
చుట్టు తిరిగి చుట్టు తిరిగి అంచుకొచ్చింది.
ఎలా వేశానా అని లెక్కపెట్టాను.
ఒక వరసలో రెండు ఎక్కువ, ఒక దాంట్లో ఒకటి తక్కువ,
ఒక చోట అసలు కన్నమే వదిలేశాను.
కావాలని వెయ్యమంటే నాకు రాదు.

బాబ్జీ ఐదు తీసుకున్నాడు.
ఆరోదాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసి
"బాగుంది పిన్నీ. కానీ ఇది వేరే" అన్నాడు.
దారం ఖరీదు కూలిలో కోసుకున్నాడు.

ఆవకాయ జాడీ మీద కప్పాను.
నూనె అంటింది.
ఎక్కడంటిందో చూపించమంటే
దీనమ్మ మనవరాలు కెజియా
ముక్కు ఆనించి వెతికింది, దొరకలేదు.

దీపావళి ఇంకా ఇరవై రోజులు.
పాలకొల్లు బస్సెక్కే ముందు
దీన్ని ఒకసారి ఎడమకంటితో చూసిపెట్టుకోవాలి.
ఆ నీలం మళ్ళీ దొరకదు.