అక్షరానికి ముప్పై

చీమకుర్తి రాయి నలుపు.
నలుపులో బంగారు రవ్వలు.
ఆకాశాన్ని కోసి టన్నుల లెక్కన అమ్ముకున్నాక
మిగిలిన గుంట ఎంత లోతో
లీజు కాయితానికి ఇంతవరకు తెలవదు.

అంచు విరిగి ఓడెక్కని పలక ఒకటి
ధర్మానికి మిగిలింది.
"బడి ముందర నాలుగు నీతులు చెక్కు మస్తానూ,
పిల్లకాయలు చెడిపోతన్నారు"
అన్నాడు బాలగురవయ్య,
ఒకే బిల్లు మీద మూడో లారీని సాగనంపతా.

అక్షరానికి ముప్పై అన్నా.
అయ్యోరు రాసిచ్చిన చీటీలో
ఆయన నీతులు చదవలా. ఎంచాడు.

అబద్ధమాడరాదు. ఏడు. రెండొందల పది.
దొంగిలరాదు. ఐదు. నూటయాభై.
కూలి ఎగ్గొట్టరాదు.
దాన్ని ఎంచకుండానే కొట్టేశాడు.
"ఇంత పొడుగు నీతి ఎవరికి గుర్తుంటది?"

"అయినా ఈ రాదు ఏందయ్యా, ప్రతి వరసలో!
ఒకే మాటకి ఎన్నిసార్లు ఇయ్యాలి డబ్బులు?
అడుగున ఒక్కసారి చెక్కు,
పైవాటికన్నిటికీ అదే వర్తిస్తది."

మాట మొండిగా ఉంది సామీ అంటే
"కొమ్ము తగిలించు, నిండుగా ఉంటది.
కొమ్ముకి కూలి లేదుగా?"
లేదు.

పరుల సొమ్ము పాము వంటిది.
"పామెందుకు? పిల్లలు జడుసుకుంటారు."
పాముని తీసేశాం.

పేరు కాడికొచ్చేసరికి చెయ్యి పెద్దదయింది.
ధర్మప్రభువు, విద్యాదాత, అపర కర్ణ,
బేరం లేదు,
అక్షరం జానెడు, పైన బంగారు రంగు.
చెక్కతా చెక్కతా దగ్గొచ్చింది.
చేతిగుడ్డలో నల్లదుమ్ము,
దాంట్లో ఒక రవ్వ తళుక్కుమంది.
ఆయన సొత్తే గదా,
అక్కడే దులిపేశా.

అడుగున రాదు పెడదామంటే
అక్కడే రాయి విరిగి ఉంది.

తెర లాగిన రోజు
మూడో తరగతి పిల్ల, పేరు పెంచలమ్మ,
వేలుపెట్టి గట్టిగా చదివింది:
"అబద్ధమాడు.
దొంగిలు.
పరుల సొమ్ము
ధర్మప్రభువు బాలగురవయ్య గారు."
తప్పు పోకుండా చదివిందని
అందరం చప్పట్లు కొట్టాం.
ఆయన జేబులోంచి చాక్లెట్టు తీసిచ్చాడు.

పొద్దుగూకి ఆఫీసుకు పోతే
గుమాస్తా సగం లెక్కపెట్టి డ్రాయరు మూశాడు.
మిగతా డబ్బు, అన్నా.

తలెత్తకుండా
నేను చెక్కని ఆ రెండక్షరాలే
ఊరికే
చెప్పాడు.