మొప్ప ఎత్తి చూసినట్టు

పన్ను కదులుతోందని వచ్చాడు ఫుతింగ్.
వాళ్ల ఆమిస్ భాషలో ఆ పేరుకి చేప అని అర్థం.
చెంగ్‌కుంగ్ రేవులో ముప్పయ్యేళ్లుగా
ఈటె పట్టి కత్తిచేపల వెంట పడ్డవాడు
కుర్చీలో వెనక్కి వాలమంటే మాత్రం
రెండు చేతులా పిడులు పట్టుకున్నాడు,
అల లేని చోట తూలిపోతానేమో అన్నట్టు.

"ఈ ఒక్కటీ పీకేయండి, పడవ ఆగి ఉంది."

డాక్టర్ హుంగ్ పన్ను జోలికే పోలేదు.
ముందు పెదవులు తిరగేసి చూసింది.
గాజుగుడ్డతో నాలుక కొస పట్టి
కుడికి లాగి, ఎడమకి లాగి,
పైకెత్తమని దాని కింద,
తర్వాత దవడ కిందా మెడ పక్కనా వేళ్లతో
బియ్యంలో రాయి వెతికినట్టు.
రెండు నిమిషాలు పట్టిందేమో.
దీపం పట్టుకున్నది నేను.

ఆ నోరు నాకు తెలుసు.
పదకొండేళ్ల కిందట రోడ్డు పక్క అద్దాల గదిలో
ఎత్తు స్టూలు మీద కూర్చుని వక్కలు కట్టేదాన్ని.
తమలపాకుకి సున్నం రాసి, పచ్చి వక్కకి చుట్టి,
పదేసి చొప్పున పొట్లం.
తెల్లారకముందే వచ్చేవాడీయన, పడవెక్కే ముందు.
"సున్నం దట్టించు పిల్లా, సముద్రం చల్లగా ఉంది."
దట్టించేదాన్ని.
ఎర్రగా ఉమ్మి నవ్వేవాడు.
ఆ ఎరుపుని నేను బలం అనుకున్నాను.

రేవులో బేరగాళ్లు మొప్ప ఎత్తి చూస్తారు:
ఎర్రగా ఉంటే తాజా, పాలిపోతే నిన్నటిది.
మనిషి నోటికి ఆ లెక్క పనికిరాదు.
తెలుపునీ అనుమానించాలి, ఎరుపునీ అనుమానించాలి,
నొప్పి లేనిదాన్ని ఇంకాస్త ఎక్కువ.

ఎడమ చెంప లోపల, వక్క దాచుకునే చోట,
చిటికెన గోరంత తెల్లమచ్చ.
డాక్టర్ గుడ్డతో తుడిచింది. పోలేదు.
మళ్లీ తుడిచింది.
నా చేతిలో దీపం కదిలింది.
"లైటు" అంది, నా వైపు చూడకుండానే.

"ఇదెన్నాళ్లుగా ఉంది?"
"ఏది?"
ఆయనకెలా తెలుస్తుంది?
వలలో చిరుగుని చీకట్లో తడిమి పట్టేవాడు
తన చెంపని లోపలి నుంచి ఎప్పుడు చూశాడు?
గెడ్డం గీసుకునే అద్దానికి ముఖమే తెలుసు.

కారం మండుతోందా? మండుతోంది, కొన్నాళ్లుగా.
మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమంటే
రెండే పట్టాయి.
మిగిలిన వేలిని కాసేపు అలాగే చూసుకున్నాడు.

పెద్దాసుపత్రికి చీటీ రాసింది డాక్టర్.
చిన్న ముక్క తీసి చూస్తారు,
అది కావచ్చు, కాకపోవచ్చు,
అయినా ఇంతున్నప్పుడే కంటపడింది కాబట్టి...
వాక్యం పూర్తి చేయలేదు.

"మరి పన్ను?"
"పన్నుకి తొందర లేదు. దీనికి ఉంది."

వెళ్తూ వెళ్తూ, మాస్కున్నా, పోల్చుకున్నాడు.
"నువ్వు కదూ, సున్నం దట్టించే పిల్లవి?"
తిట్టలేదు. నవ్వబోయి చెంప తడుముకున్నాడు.
నేనేమనాలి?
యాభై యువాన్లకి పది.
చిల్లర ఎప్పుడూ సరిగ్గానే ఇచ్చాను.

సాయంత్రం షట్టరు సగం దించాక
ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.
రాత్రి దుకాణంలో నిద్ర ఆగడానికి
మేమూ నమిలేవాళ్లం. ఎవరికీ చెప్పలేదు.
డాక్టర్ హుంగ్ విప్పేసిన గ్లవ్స్ చెత్తబుట్టలోంచి
ఇంకా కిందికి జారుతున్నాయి.
ఏమీ అడక్కుండా కొత్తవి తొడుక్కుంది.

పైకప్పు మీద తాబేలు ఆకారంలో నీటి మరక.
ఇన్నేళ్లుగా నోరు తెరిచినవాళ్లంతా
దీన్నే చూశారన్నమాట.

"నాలుక పైకెత్తు."

మూడో మనిషి లేరు గదిలో.
దీపం నేనే పట్టుకున్నాను.