నూట డెబ్బై అయిదు గడులు

రాత్రి పది దాటితే గానీ
పర్లాకిమిడిలో మా వీధికి కరెంటు కుదురుగా ఉండదు.
అప్పుడు కూర్చుంటాను
దేశాలకి ధర కట్టడానికి.

నా సరుకు చిన్నది.
కొలతలు చెబితే
ఎంత గుడ్డ పడుతుందో,
కత్తెర ఎటు తిప్పితే చేతులకి ముక్క మిగులుతుందో
చెప్పే యాప్. పేరు 'జానెడు'.
తవిటమ్మత్త కోసమే మొదట రాశాను.
ముప్పయ్యేళ్లు జాకెట్లు కుట్టిన మనిషి
ఒకసారి చూసి
"నా కళ్లు సెప్పీదే ఇదీ సెప్తంది" అని
ఫోను బోర్లా పెట్టేసింది.

ఇప్పుడు యాప్ దుకాణం వాళ్లు అడుగుతున్నారు:
నూట డెబ్బై అయిదు దేశాలు,
ఒక్కోదానికీ ఎంత?

జపానుకి చిల్లర పైసల్లేవు, గుండ్రంగా రాయాలి.
స్విట్జర్లాండు దగ్గర చెయ్యి కాస్త బరువుగా పడింది,
ఎవరూ చూడ్డం లేదు కదా అని.
టర్కీ డబ్బు పోయిన నెల పెట్టిన చోట లేదు.
మలావీకి ఎంత?
కిలో మొక్కజొన్న పిండి ఎంతో వెతికాను,
బస్సు టిక్కెట్టు వెతికాను,
అక్కడి దర్జీ పూటకెన్ని టీలు తాగుతాడో
అది మాత్రం ఎక్కడా దొరకలేదు.
అతను లేకుండా అతని తరఫున నేనే బేరమాడి
నేనే తగ్గి
నేనే నొచ్చుకున్నాను.

"అత్తా, టీచరమ్మకి మూడొందలు తీసుకున్నావు,
తోపుడుబండి నూకాలుకి నూటపాతిక.
జాకెట్టు ఒకటే కదా?"
"గుమ్మంలో సెప్పులు సూస్తానురా" అంది
దారం పళ్లతో తెంపుతూ.

నాకు దేశాల చెప్పులు కనపడవు.
కొందరు పక్క దేశం చెప్పులు తొడుక్కుని
చవగ్గా కొనుక్కుపోతారని కూడా విన్నాను.
కోపం రావాలి. రాలేదు.
మహేంద్రతనయ వంతెన మీద నిలబడి చూడు,
పాతపట్నంలో ఏది రూపాయి తక్కువైతే
దానికోసం సంచీ పట్టుకుని పోయేవాళ్లం,
అటునుంచి ఇటు వచ్చేవాళ్లూ అంతే.
నదికి ఒక ఒడ్డున ఒక ధర.
మనం సైకిలు దిగం కూడా.

ఆ వంతెన నా జాబితాలో లేదు.
ఇండియా అని ఒకటే గడి.
నూట పంతొమ్మిది అని కొట్టాను.
అత్త కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.
"బొంబాయికీ పుట్టాసింగికీ ఒకటేటి?"

మర్నాడు ఎస్తేరి రయిత వచ్చింది.
కొండమీంచి జీపు, తరవాత బస్సు,
బడి పిల్లల గౌన్లు కత్తిరించడం నేర్చుకుంటోంది అత్త దగ్గర.
పాత పేపరు మీద సుద్దతో గీసి
ముక్క చాలక
మళ్లీ చెరిపి గీస్తోంది.
నా ఫోను ఇచ్చాను. కొలతలు నొక్కింది.
గుడ్డ ఎలా పరవాలో తెర మీద విచ్చుకుంది.
చాలాసేపు చూసి
"కేతే?" అంది.
నాకు తెలియలేదనుకుందేమో
తెలుగులో మళ్లీ, "ఎంత?"

"ఊరికే" అన్నాను.
సవర, ఒడియా తరవాత మూడో భాష ఆమెకి తెలుగు.
అందులో ఊరంటే ఊరే.
"ఏ ఊరికి?" అని అడిగింది.

అత్త మిషను తొక్కడం ఆపింది.
నేను ఏదో చెప్పబోయి
నీదే ఊరు అని అడిగాను.
చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నాను,
అయినా నా నోట్లో సరిగ్గా పలకలేదు.
ఆమె నవ్వింది.

సాయంత్రం బస్సుకి పోతూ
పెద్ద కత్తెర కింద
నాలుగు మడతల పదినోటు పెట్టి వెళ్లింది.
నూట డెబ్బై అయిదు గడుల్లో
దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలీలేదు.
అత్త కత్తెర కావాల్సినప్పుడల్లా
నోటు పక్కకి జరిపి, పని అయ్యాక
మళ్లీ దాని మీదే పెడుతోంది.