పదకొండోది

ఎడమ గిన్నెలో పది గొర్రె చీలమండ ఎముకలు.
కుడి గిన్నె ఖాళీ.
లోపల ఒక్కసారి కదిలితే
ఒక ఎముక అటు నుంచి ఇటు.

నర్సు సల్కిన్ కాగితం మీద గీతలు గీయమంది.
గీతలు నాకు కొట్టువాడి అరువు పద్దులా కనిపించి
ఎర్నిస్ చిన్నప్పటి ఆటసంచీ అటక మీంచి దించాను.
ఎముకలు నున్నగా ఉన్నాయి,
ఒకదానికి మాత్రం ఎర్రరంగు ఇంకా పోలేదు.
దాన్ని ఎప్పుడూ చివరికి ఉంచుతాను.

రెండు గంటల్లో పది రావాలి.
నిన్న గంటా నలభై నిమిషాలకే వచ్చాయి.
మొన్న రెండు గంటలైనా తొమ్మిదే.
ఆ ఎర్రదాని కోసం
చక్కెర బిళ్ళ చప్పరించాను,
ఎడమకి ఒత్తిగిలాను,
చన్నీళ్ళు తాగాను,
ఆఖరికి తిట్టాను.
తిట్టగానే తన్నింది.
పుట్టనిదాన్ని తిట్టిన నోటిని
అరచేత్తో మూసుకుని కూర్చున్నాను చాలాసేపు.

కొట్టంలోంచి పిడకల తట్టతో వచ్చిన అత్త
గిన్నెలకేసి చూసి
"మేమెప్పుడైనా లెక్కపెట్టామా!
ఎనిమిది మందిని కన్నాను" అంది.
కన్నమాట నిజమే.
గోడ మీద ఫోటోలు అయిదు.

పోయిన మంగళవారం సల్కిన్
చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.
"తలనొప్పి ఉందా?"
నూట పద్దెనిమిది.
"ఎర్నిస్ ఫోన్ చేస్తున్నాడా?"
నూట ముప్పై ఆరు.
మూడో ప్రశ్న ఆమె అడగలేదు.
పట్టీ విప్పేసి టీ పోసింది.
నిరుడు ఆ గదిలో ఉన్నది ఆమే కదా.

నిరుడు అయిదో నెల.
ఆకుపచ్చ తువ్వాలు.
ఇంతకంటే చెప్పను.
ఆ తువ్వాలు ఎవరు ఉతికారో తెలీదు,
మడత పెట్టి మళ్ళీ అలమారలోకి వచ్చేసింది.
దాన్ని తగలకుండా
కిందివాటిని లాగి వాడుకుంటున్నాను.

ఎర్నిస్ యాకుట్స్క్‌లో కాంక్రీటు పోస్తాడు.
జీతం మూడు నెలలుగా "వచ్చే వారం".
"అంతా బాగానే ఉంది కదా" అంటాడు ఫోన్‌లో.
అది అడగడం కాదు, బతిమాలుకోవడం.
బాగానే ఉంది అంటాను.
"నువ్వు?"
బాగానే ఉన్నానంటాడు.
పంపిన డబ్బులో కమీషన్ కోసుకున్నట్టు
మా మాటల్లోంచి కూడా ఎవరో కొంత కోసుకుంటారు,
నాదాకా వచ్చేది దగ్గు ఒక్కటే.

ఆసుపత్రి నారిన్‌లో.
మధ్యలో కనుమ.
మంచు గట్టిగా పడితే రెండు రోజులు మూత, ఒక్కోసారి నాలుగు.
పక్కింటి జీపుకి పెట్రోలు మనమే పోయించాలి,
డబ్బు పిండి డబ్బాలో దాచాను,
రొట్టెకని డబ్బా తెరిచినప్పుడల్లా ఎంచుతాను
ఎవరూ తీయరని తెలిసీ.
రాత్రి లేచి కిటికీ తుడిచి చూస్తాను.
కొండ మీద లారీ దీపం పాకుతుంటే దారి ఉన్నట్టు.
దీపం లేదంటే
దారి లేదనా, లారీ లేదనా?
తెల్లారేదాకా ఈ ఒక్క ప్రశ్నే నములుతూ.

"భయపడకు, బిడ్డకి తగులుతుంది" అంటారు అందరూ.
భయపడుతున్నానేమో అని
ఇప్పుడు ఇంకో భయం.

ఈ రాత్రి తొమ్మిదయ్యాయి.
గంటా యాభై.
ఎర్ర ఎముక ఎడమ గిన్నెలో ఒంటరిగా.
అత్త చేతులు కడుక్కుని వచ్చి
ఏమీ అనకుండా పక్కన కూలబడింది.
చొక్కా పైకి జరిపి
మంచుముద్దలాంటి అరచెయ్యి కడుపు మీద పెట్టింది.
నేను కెవ్వుమన్నాను.
లోపలిది ఉలిక్కిపడింది.

"వెయ్యి మరి" అంది.
వేశాను.

చెయ్యి తియ్యలేదు ఆవిడ.
కళ్ళు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి,
ప్రార్థనో, అంకెలో.
పొయ్యిలో పిడక విరిగి పడింది.
ఆ వేళ్ళ కిందే ఇంకోటి తన్నింది,
దీనికి ఎముక లేదు.