డెబ్భై రెండు మెట్లు

చెస్టర్‌ఫీల్డ్ నుంచి బస్సులో నలభై నిమిషాలు.
ఆదివారం, నవంబరు, నసపెట్టే వాన.
టికెట్టు పద్నాలుగు పౌండ్లు.
ఆ డబ్బుతో రెండ్రోజులు హీటింగ్ వేసుకోవచ్చని
మేదిని గొణిగింది.
నేను వినలేదు. నాకు రాణివాసాలంటే పిచ్చి.

రాతిసింహాల గుమ్మం దాటగానే
బయటికంటే లోపలే చలి.
ఎంత చెట్టుకు అంత గాలి అంటారు కదా,
ఎంత ఇంటికి అంత గాలి.
గోడలనిండా వేటకుక్కలు, వేటాడే దొరలు,
మెడచుట్టూ జల్లెడంత లేసు కట్టుకున్న దొరసానులు.
అందరి ముక్కుల కొసలూ ఎరుపే.
బొమ్మ గీసినవాడు
అక్కడొక్కచోట అబద్ధమాడలేకపోయాడు.

పందిరిమంచం చూపించింది డోరీన్,
ఎనభై దాటిన మనిషి, వేళ్ళు తెగిన ఉన్ని గ్లవ్సులు.
ఆ పట్టుతెరలు అందానికి కాదట, ఈదురుగాలికట.
మంచం కింద పూల పింగాణీ కుండ.
అదెందుకో ఒక పిల్లాడికి
వాళ్ళమ్మ చెవిలో చెప్పింది.
వాడు గదంతా వినేలా అడిగాడు:
"మరి పొద్దున్నే ఎవరు పారబోస్తారు?"
అందరూ నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.
వృద్ధాశ్రమంలో వారానికి ఐదు రోజులు
ఆ పని నాదే.

డోరీన్ గోడని తోసింది. గోడ తలుపైంది.

వెనక ఇరుకు మెట్లు. తివాచీ లేదు.
ప్రతి రాయీ మధ్యలో గిన్నెలా అరిగింది.
కింద వంటింట్లో కాగు,
పైన దొరసాని రాగితొట్టి,
మధ్యలో డెబ్భై రెండు మెట్లు.
ఉత్తచేతులతో ఎక్కుతూ లెక్కపెట్టాను.
నలభై దగ్గర ఊపిరాడక ఆగాను.
ఒక్క స్నానానికి పదహారు బిందెలు.
వేడిగా పైకి పదహారు,
మురికిగా కిందికి పదహారు.
మోసిన పిల్ల పేరు జీతాల పుస్తకంలో ఉంది:
మెర్సీ టాప్లిస్, పద్నాలుగేళ్ళు, ఏడాదికి ఆరు పౌండ్లు.
పక్కనే సన్నటి చేతిరాత:
కొవ్వొత్తి ఎక్కువ కాల్చినందుకు ఒక పెన్నీ కోత.

అటకమీద ఆమె గది.
ఒక మంచం, ఒక మేకు.
మేకుకి ఏమీ లేదు.
చలికాలం కిటికీకి లోపలివైపే మంచు కట్టేదట.
అప్పటిదాకా ఫోన్లో ఉన్న మేదిని
ఫోన్ జేబులో పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి చీకటి, తడిసిన సాక్సులు.
చేపల వేపుడు కొట్టు మీద మా రెండు గదులు.
గోడకి వేలాడే మా బాయిలర్‌ని
మేము మొండిఘటం అంటాం.
పోయిన వారమే ఇంటి ఓనరుకి మెయిల్ రాసిపెట్టాను:
ఈ ఇంట్లో మనుషులు బతకలేరు,
వేణ్ణీళ్ళు రావడానికి నలభై సెకన్లు.

కుళాయి తిప్పాను.
మొండిఘటం దగ్గింది, మూలిగింది,
ఆ తర్వాత నీలిమంట.
రోజూ ఆ నలభై సెకన్లూ తిట్టుకుంటాను.
ఇవాళ లెక్కపెట్టాను,
ఒకటో మెట్టు, రెండో మెట్టు...
నలభై దగ్గర,
సరిగ్గా నాకు ఊపిరాడని చోట,
భుజంమీద వేడి పడింది.

ఎవరూ మోయలేదు. ఎవరి చెయ్యీ బొబ్బలెక్కలేదు.
పొలంగట్టున నిలబడ్డట్టు
ఊరికే నిలబడ్డాను.
వాడిన నీళ్ళు నా పాదాల మధ్యనుంచి
ఎవరినీ పిలవకుండా దిగిపోయాయి.
మేదిని తలుపు బాదింది:
"నాక్కూడా కాస్త మిగుల్చు తల్లీ!"
ఎప్పుడూ చల్లబడేదాకా కదలనిదాన్ని
ఇవాళ ముందే కట్టేశాను.

మెయిల్ మాత్రం పంపాను.
మనుషులు బతకలేరు అన్న మాట కొట్టేసి,
నలభై సెకన్లు పడుతోంది,
ముప్ఫైకి తేగలరా, అని.

రేపు ఆరింటికి డ్యూటీ.
మొదట మిసెస్ పెండిల్‌టన్‌కి స్నానం.
కుళాయి తిప్పి, మోచేత్తో వేడి చూసి,
చాలా అమ్మా, ఇంకాస్త కావాలా
అని అడగాలి.

రేడియేటర్ మీద రెండు జతల సాక్సులు
పొగలు కక్కుతున్నాయి.