ఎనిమిదో రెక్కపురుగు

పరకాల బ్యాంకుల మేనేజరు
నా దరఖాస్తు రెండుసార్లు తిరగేసి అడిగిండు:
"పురుగుల సదువా? దీనికి నౌకరి ఎక్కడుంటదమ్మా?"
ఆయన ఫైళ్ల దొంతరల నుంచి ఒక వెండిపురుగు దిగి
మా నాయిన ఆదాయం సర్టిఫికెట్ మీద
కాసేపు నిలబడ్డది.
నేను దాని దిక్కే చూసిన, జవాబు చెప్పలే.

ఆ రాత్రి తక్‌పట్టీ వెనక గీతలు కొట్టిన.
కాలేజీ. అప్పు. జీతం.
నాలుగో గడికి పేరు తోచలే, ఖాళీగ ఉంచిన.

మొదటిది మెరిసే కాగితం మీద అచ్చయిన కాలేజీ.
అప్పు ఆరు లక్షల నలభై వేలు.
కొలువు ఏడాదికి ఏడు లక్షలని
నవ్వుతున్న పిల్లగాని ఫొటో కింద రాసున్నది.
నంబరు దొరకబట్టి ఆ పిల్లగానికే ఫోన్ చేసిన.
జమ్మికుంటల మందుల కంపెనీ మనిషి, పేరు ఓదెలు.
"ఏడు నిజమే అక్కా.
అందుల మూడు, టార్గెట్ కొడితేనే.
టార్గెట్ కొట్టాల్నంటే
పురుగు లేని చేన్ల గూడ పురుగును చూపియ్యాలె."

రెండోది సర్కారు సీటు. అప్పు లక్షా పదివేలు.
బయటికొచ్చినోళ్లకు ప్రాజెక్టు కొలువు,
నెలకు ఇరవై ఎనిమిది వేలు, పదకొండు నెలలు.
పన్నెండో నెల
గూడు కట్టుకున్న పురుగు తీర్గ పడి ఉండుడే.

మూడోదానికి అప్పే లేదు. సీట్లు రెండు.
జీతం గడిల: వివరాలు అందలేదు.
అక్కడ చదివిన జుబేదా మేడం
కందిరీగలకు పేర్లు పెడుతది, పదేండ్లల్ల పద్నాలుగు.
"పేరు పెడితే పైసలియ్యరు బిడ్డా,
పేరు తెల్వనిదాని మీద మాత్రం
లీటర్లకు లీటర్లు పోస్తరు."

నాయిన ఎనుమాముల యార్డుల దడువాయి.
ముప్ఫై ఏండ్ల సంది మిర్చి బస్తాలు తూచి తూచి
దగ్గుతోటే మాట మొదలువెడుతడు.
కాగితం దూరంగ పట్టి చూసి
"తరుగు తీసినవా?" అన్నడు.
తియ్యలే.
"తడికి తీస్తరు, తాలుకు తీస్తరు,
ఆఖరికి గోనెసంచికి గూడ తీస్తరు.
గీ ఏడు లక్షలకు తరుగు లేదా?"
పెన్ను గుంజుకొని
హాస్టలు, వడ్డీ, టార్గెట్, ఆ పన్నెండో నెల,
ఒక్కొక్కటి కొట్టేసుకుంట పోయిండు.
ఏది మంచిదో మాత్రం చెప్పలే.
"కాంటా నీది" అని పోయి పండుకున్నడు.

నాలుగో గడిల అప్పుడు రాసిన: తరుగు.

రెండోదాంట్లె చేరిన.
మొదటి సెమిస్టర్లనే నేర్పిండ్రు:
లింగాకర్షక బుట్టల చిన్న రబ్బరు గుళిక,
దానికి ఆడపురుగు వాసన.
మగవి నమ్మి వస్తయి.
ఆ మెరిసే కాగితం యాదికొచ్చి
క్లాసుల ఒక్కదాన్నే నవ్విన.
వరుసగ మూడు రాత్రులు
బుట్టకు ఎనిమిదేసి పడితేనే మందు కొట్టాలె.
ఏడు పడితే ఆగాలె.
నష్టం ఉన్నది గని, మందు ఖర్చంత లేదు.
ఆర్థిక నష్ట స్థాయి అంటది పుస్తకం.
చేనుకు గీసిండ్రు ఆ గీత.
చేనిడిచి చదువుకు పోయేటోళ్లకు
ఎవ్వరూ గీసియ్యలే.

ఇయ్యాల గీసుగొండ అవతల పత్తిచేన్ల
పొద్దు పొడవకముందే బుట్టలు విప్పుతున్న.
పదకొండో నెల రావుడు ఇది మూడోసారి.
జేబుల ఫోన్ గుయ్యిమన్నది: కిస్తీ, మూడు వేల ఒక వంద.
భూలచ్చవ్వ అప్పటికే
డబ్బా వీపుకు కట్టుకొని నిలబడ్డది.
మందు ఉద్దెర తెచ్చిందట,
ఓదెలు కంపెనీదే.
"కొట్టాల్నా?"

టార్చి పట్టి లెక్కపెట్టిన.
బూడిదరంగు రెక్కలు, ఒకదాని మీద ఒకటి.
ఐదు, ఆరు, ఏడు.
బుట్ట అంచు మీద ఇంకొకటి
లోపలికి పోవాల్నా వద్దా అన్నట్టు
ఆగి ఉన్నది.

"ఆగుదాం అవ్వా" అన్న.
ఆమె నన్నొకసారి, బుట్టనొకసారి చూసి
డబ్బా దించింది.