నీళ్ళ గురించి ఒక సవరణ

ఇరవై రెండేళ్ళుగా ఈ పురపాలక సభకు
మినిట్స్ రాసేది నేనే.
జీలాండ్‌లో, సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊరు మాది.
కట్ట మీద గొర్రెలు మేస్తుంటే
వీధిలోంచి వాటి కడుపులు కనిపిస్తాయి.

పని నేర్పిన ముసలి గుమాస్తా ఒక్కటే చెప్పాడు:
పూలు కోసెయ్, కాడ ఉంచు.
అది కూడా పువ్వేనని అప్పుడు తట్టలేదు.

అందుకే ఆర్థిక వ్యవహారాలాయన
"బెల్టు ఇంకో రంధ్రం లోపలికి బిగించాలి" అంటే
నేను రాసేది:
బుధవారాలు లైబ్రరీ మూత.
(ఆయన బెల్టు పెట్టడు. సస్పెండర్లు.)

"అందరం ఒకే పడవలో ఉన్నాం" అంటే
అద్దెలు ఆరు శాతం పెరుగుతాయని.
రొయ్యల పడవ మీద ముప్పై ఏళ్ళు చేసిన లీవెన్
వెనక వరసలోంచి ఓసారి అడిగాడు,
"మరి నీళ్ళు తోడేదెవరు?"
అది రాయలేదు.

"భద్రతా వల"ను మాత్రం ఉన్నదున్నట్టే వదిలేశాను.
విప్పి చూస్తే
లోపల ఏమీ దొరకలేదు.

నవంబరు సభ. ఏడో అంశం:
పాత వ్యాయామశాలలో నలభై రెండు మందికి పడకలు.
సూడాన్, సిరియా,
ఎరిట్రియా నుంచి ఒక కవల జంట.

మార్నిక్స్ కోడ్డె లేచాడు. మంచివాడే,
మా అమ్మ అంత్యక్రియలకు కుర్చీలు మోసినవాడు.
"ఇది వెల్లువ," అన్నాడు. "గండి పడింది.
పైన కుళాయి కట్టరు,
మనల్నేమో గుడ్డ పట్టుకుని తుడవమంటారు.
ఇంకొక్క అడుగు పెరిగితే మునుగుతాం."
చప్పట్లకు కాఫీ ఫ్లాస్కు మూత కూడా కదిలింది.
నేను రాశాను:
శ్రీ కోడ్డె వ్యతిరేకించారు.

తర్వాత పౌరుల సమయం. మనిషికి మూడు నిమిషాలు.
పీటర్నెల్లా వచ్చింది. ఎనభై దాటాయి.
మైకు ఎవరూ దించలేదు,
దాని కిందనించే మాట్లాడింది.

"యాభై మూడు, ఫిబ్రవరి ఒకటి. నాకు ఎనిమిదేళ్ళు.
నీళ్ళు తలుపు కొట్టలేదు.
ఎక్కడ పడుకోవాలని అడగలేదు.
నీళ్ళకు కవలలుండరు.
వంటింటి గడియారం దాకా వచ్చి
మా టానెను తీసుకుపోయాయి.
నాన్న అటక మీంచి పెంకులు పగలగొట్టాడు.
మూడో రోజు మమ్మల్ని బ్రెడా దాటి ఎక్కడో దించారు.
ఒకావిడ తన కూతురి బూట్లిచ్చింది.
రెండు సైజులు పెద్దవి,
ముందు భాగంలో వార్తాపత్రిక కుక్కింది.
మార్నిక్స్, ఆవిడ గుమ్మంలో నిలబడ్డప్పుడు
మేం వెల్లువా?
వెల్లువలోంచి వచ్చినవాళ్ళమా?"

గంట మోగింది.
నేను రాశాను:
ఒక పౌరురాలు వ్యక్తిగత అనుభవం చెప్పారు.

డిసెంబరు. గత సభ మినిట్స్ ఆమోదం,
ఎవరూ చదవని అంశం.
ఆవిడ చదివింది. భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది.
"ఒక సవరణ," అంది.

టానె పేరు రాయమంటుందనుకున్నా.
క్షమాపణ కూడా గొంతులో సిద్ధం చేసుకున్నా.

"నా సంగతి సరే. అతని మాటేదీ?
వెల్లువ అన్నాడు. ఇందులో లేదు.
నువ్వు ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టావు.
రేపు ఎవరైనా చదివితే
ఈ గదిలో అందరూ మర్యాదగానే మాట్లాడారనుకుంటారు.
అన్నమాట అన్నచోట ఉండాలి. పేరుతో."

మార్నిక్స్ చెవులు ఎర్రబడ్డాయి.
చాలాసేపటికి, "రాయండి," అన్నాడు.

నాలుగో పేజీ, తొమ్మిదో పంక్తి.
"వ్యతిరేకించారు" కొట్టేశాను.
వెల్లువ, గండి, కుళాయి, గుడ్డ
ఒక్కొక్కటీ తిరిగి ఎక్కించాను.
పెన్ను రెండుసార్లు ఆగింది.
పాత రిజిస్టర్లు ఇరవై రెండు, బీరువాలో,
ఎంత మర్యాదగా ఉన్నాయో.

బయట నా సైకిలు ఎప్పుడూ ఆనించే గోడకి
ఆనాటి నీటిమట్టం గుర్తు, ఇత్తడి గీత.
ఇన్నేళ్ళలో మొదటిసారి పక్కన నిలబడి చూశాను.
నాకు భుజం దాకా.
పీటర్నెల్లాకైతే
ఇప్పటికీ తల మునుగుతుంది.